పసుపు అట్ట, నీలం అట్ట: కూరగాయ చేనులో పురుగు లెక్క రాసుకునేదెట్లా?



జిగురు అట్టల గురించి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ శాతం ఒకటే ప్రశ్న: "అన్నా, ఎకరానికి ఎన్ని పెట్టాలె?" ఎన్ని అనేది చెప్పడం తేలికే. పెట్టినాక ఆ అట్టతో ఏం చేయాలని అడిగేవాళ్లే తక్కువ. చాలా చేలల్లో చూస్తున్నాను. నాటిన నెలకు అట్టలు కడతారు, పంట అయిపోయేదాకా అవి అట్లనే వేలాడుతుంటాయి. వాటి మీద ఎండిపోయిన పురుగులు, దుమ్ము, నాలుగు ఎండుటాకులు. దగ్గరికి పోయి చూసేవాళ్లు లేరు, లెక్కపెట్టేవాళ్లు లేరు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను గోదావరిఖని దగ్గర రెండెకరాల్లో కూరగాయలు పండించి చుట్టుపక్కల కాలనీల్లో అమ్ముతాను. దాంతోపాటు వేపపిండి, కషాయాలు, ఈ జిగురు అట్టలు అమ్మే చిన్న షాపు కూడా ఉంది. అంటే మీరు ఎన్ని ఎక్కువ అట్టలు కొంటే నాకు అంత లాభం. అయినా ఎకరానికి ఐదు అట్టలతో మొదలుపెట్టమనే చెప్తున్నాను. వాటిని వారానికి రెండుసార్లు చదవండి. చదివే ఐదు అట్టలు, చదవని యాభై అట్టల కంటే ఎక్కువ పంటను కాపాడతాయి. అట్టలు కట్టే పద్ధతి వీడియోలో చూపించాను. చదివే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

పురుగు కంటికి పసుపు అంటే ఏమిటి?

రసం పీల్చే పురుగులు రంగును మనలా చూడవు. పచ్చటి ఆకు మీద పడిన వెలుతురులో ఎక్కువగా తిరిగి వచ్చేది 550 నానోమీటర్ల చుట్టూ ఉండే కాంతి. తెల్లదోమ, రెక్కల పేనుబంక లాంటివి ఆకును గుర్తుపట్టేది ఆ కాంతితోనే. పసుపు అట్ట అదే కాంతిని ఆకు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వెనక్కి పంపుతుంది. అంటే పురుగు కంటికి పసుపు అట్ట ఒక పెద్ద లేత ఆకులా కనిపిస్తుంది. తిండి దొరికిందని వచ్చి వాలుతుంది, జిగురుకు అంటుకుంటుంది.

తామర పురుగులకు పువ్వులతో పని ఎక్కువ. వాటిని నీలం బాగా లాగుతుంది. అందుకే మిరప, ఉల్లి, క్యాప్సికం లాంటి పంటల్లో నీలం అట్ట కూడా కావాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అట్ట మీదికి వచ్చేది రెక్కలున్న పెద్ద పురుగు మాత్రమే. ఆకు అడుగున అతుక్కుని రసం పీల్చే పిల్ల పురుగులు ఎగరవు, అట్ట దాకా రావు. తెల్లదోమ గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి వాతావరణాన్ని బట్టి రెండున్నర నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ కాలంలో ఎక్కువ రోజులు అది ఆకు అడుగునే ఉంటుంది. కాబట్టి అట్ట నిండా దోమ అంటుకుంది కదా, చేను శుభ్రమైందని అనుకోవద్దు. అట్ట నిండిందంటే చేనులో అంతకంటే మస్తు ఎక్కువ ఉందని అర్థం.

ఏ రంగుకు ఏ పురుగు?

పసుపు అట్టకు వచ్చేవి: తెల్లదోమ, పచ్చదోమ, రెక్కల పేనుబంక, ఆకుల్లో తెల్లటి వంకర గీతలు గీసే పాముపొడ పురుగు తాలూకు చిన్న ఈగ. తామర పురుగులు కూడా కొన్ని వస్తాయి.

నీలం అట్టకు వచ్చేవి: ముఖ్యంగా తామర పురుగులు.

ఏ అట్టా చెప్పలేనివి కూడా ఉన్నాయి. ఎర్రనల్లికి రెక్కలుండవు, అది అట్ట మీద కనిపించదు. వంగలో మొవ్వు, కాయ తొలిచే పురుగుకు లింగాకర్షక బుట్ట కావాలి. కాకర, బీర, సొరల్లో పండు ఈగకు క్యూలూర్ ఎర పెట్టిన బుట్ట కావాలి. వేరుకు బుడిపెలు తెచ్చే నులిపురుగు మట్టిలో ఉంటుంది. "అట్టలు పెట్టినా కాయ పుచ్చిపోయింది" అని కోప్పడే రైతులున్నారు. అట్టకు సంబంధం లేని పని అట్ట మీద పెడితే అది ఏం చేస్తుంది?

అట్ట మీది పురుగును గుర్తుపట్టడానికి పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం చాలు. లేకపోతే ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. తెల్లదోమ చిన్న బియ్యపు నూకలా ఉంటుంది, జిగురులో రెండు రోజులుంటే తెల్లపొడి పోయి పచ్చగా మాసిపోతుంది. పచ్చదోమ సన్నగా, ముందు వెడల్పు, వెనక కొనదేలి ఉంటుంది. పేనుబంకకు పొట్ట గుండ్రం, రెక్కలు పొట్ట కంటే పొడవు. తామర పురుగు పెన్సిల్‌తో చిన్న గీత గీసినట్టు ఉంటుంది. పాముపొడ ఈగ నల్లగా, వీపు మీద పసుపు చుక్కతో ఉంటుంది.

బాయిలో దీపం చేసే పనే ఇక్కడ అట్ట చేస్తుంది

మా బాపు బొగ్గుబాయిలో సర్దార్‌గా పనిచేశాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. కార్మికులు పని జాగకు పోకముందే సర్దార్ సేఫ్టీ ల్యాంపు పట్టుకుని పోయి గ్యాసు ఉందా లేదా చూడాలి. మీథేన్ ఉంటే ఆ దీపం మంట పైన నీలిరంగు టోపీలాగా కనిపిస్తుంది. ఇప్పుడు దానికి మీటర్లు వచ్చాయి, పని మాత్రం అదే. దీపం గ్యాసును తగ్గించదు, గాలిని బాగుచేయదు. ఉన్న సంగతి ముందుగా చెప్తుంది. ఆ మాట విని మనుషుల్ని ఆపడం, గాలి సరిగా ఆడేటట్టు చూడడం మన పని.

కూరగాయల్లో ముందుగా తెలియడం ఎందుకంత ముఖ్యమో వైరస్ తెగుళ్లు చూస్తే అర్థమవుతుంది. టమాటలో ఆకుముడత, బెండలో పల్లాకు తెగులు, రెండింటినీ మోసుకొచ్చేది తెల్లదోమే. ఒకసారి వైరస్ ఎక్కించుకున్న దోమ చాలా రోజులు దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. సోకిన మొక్కకు ఆ లక్షణం కనిపించేసరికి రెండు వారాలో, ఇంకా ఎక్కువో గడిచిపోతాయి. కనిపించినాక దాన్ని నయం చేసే మందు రసాయనాల్లో లేదు, కషాయాల్లోనూ లేదు. అంటే ఆకు పచ్చబడిందని మనం చూసే రోజుకు, అసలు కథ జరిగి రెండు వారాలు దాటింది. ఆకు చెప్పేది పాత వార్త. ఈ వారం వార్త అట్ట మీద ఉంటుంది.

సెంటినరీ కాలనీ వైపు నాకు తెలిసిన ఒక తమ్ముడు ఇరవై గుంటల్లో బెండ పెట్టాడు. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం నుంచి చేను. మందు కొట్టకుండా పండిద్దామని పట్టుదల. ప్రతి పదిహేను రోజులకు నీమాస్త్రం తప్పకుండా కొట్టాడు, తేదీలు గోడ మీద రాసుకున్నాడు. అయినా ముప్పైఐదో రోజుకు పల్లాకు కనిపించింది, యాభై రోజులకు చేనంతా పసుపు పచ్చబడింది. పక్క చేను పెద్దమనిషి వచ్చి, "నేను చెప్పిన గదా, గీ ఆవు మూత్రంతోని అయితదా?" అన్నాడు. తమ్ముడికి పంట పోయిన బాధ కంటే ఆ మాట ఎక్కువ తగిలింది. మళ్లీ పెట్టనన్నాడు.

తర్వాత ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ చేనుకు మూడు వైపులా పత్తి ఉంది. పత్తి మీద పెరిగిన దోమ ఏ వారం బెండలోకి దిగిందో చెప్పే సాధనం ఒక్కటీ లేదు. పదిహేను రోజుల లెక్క క్యాలెండర్ది. దోమకు ఆ క్యాలెండర్ తెలియదు. కషాయం పనిచేయదా అనే వాదన తర్వాత, ముందు అది సరైన వారంలో పడిందా లేదా చూడాలి. ఈసారి మళ్లీ బెండ పెట్టాడు, పది గుంటల్లోనే. నాటిన వారానికే అట్టలు కట్టాడు. అట్ట లెక్క చూసి కొట్టడం వల్ల ఎప్పుడు కొట్టాలో తెలిసింది, ఎప్పుడు అవసరం లేదో కూడా తెలిసింది. పల్లాకు అక్కడక్కడ వచ్చింది, పీకేశాడు. కాయ తెంపుతున్నాడు.

ఎన్ని, ఎక్కడ, ఎంత ఎత్తులో?

పురుగు రాకను గమనించడానికి ఎకరానికి నాలుగైదు అట్టలు చాలు. దోమను పెద్దఎత్తున పట్టడానికి ఎకరానికి ఇరవై, ఇరవైఐదు పెట్టమని చెప్తుంటారు. అవి రెండూ వేరువేరు పనులు. మొదటి పని చేయకుండా రెండో పనికి పోతే ఖర్చే మిగులుతుంది. ఒక్కో అట్ట పదిహేను రూపాయలనుకున్నా ఇరవైఐదు అట్టలకు 375 రూపాయలు. పంటకాలంలో ఐదుసార్లు మారిస్తే 1875 రూపాయలు. అదే ఐదు అట్టలకు అన్నిసార్లు మార్చినా 375 రూపాయలే. లెక్క పెరిగినప్పుడు, పెరిగిన వైపు మాత్రమే ఇంకో పది కట్టుకోవచ్చు.

ఐదు అట్టల్లో నాలుగు నాలుగు వైపులా, గట్టు నుంచి నాలుగైదు సాళ్లు లోపలికి. ఒకటి నడిమధ్య. పురుగు ఎక్కువగా గట్ల మీది నుంచే దిగుతుంది. పత్తి ఉన్న వైపు అట్ట ముందు పెరిగితే దారి ఎటునుంచో తెలిసిపోతుంది. ప్రతి అట్టకు ఒక నంబరు వేయండి, కట్టిన తేదీ స్కెచ్ పెన్‌తో దాని మీదే రాయండి.

ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు. మనిషి కంటికి కనపడాలని నడుమెత్తున కడతారు. తెల్లదోమ ఎక్కువగా మొక్క మీదనే, కిందికి కిందికి ఎగురుతుంది. అట్ట అడుగు అంచు మొక్క కొసకు సమంగా గానీ, జానెడు లోపు పైకి గానీ ఉండాలి. మొక్క పెరిగిన కొద్దీ అట్టను పైకి జరపాలి. కంకబొంగుకు రెండు క్లిప్పులు పెట్టుకుంటే జరపడం తేలిక. తీగజాతి పందిళ్లలో పందిరి అడుగున కాకుండా కొత్త చివుళ్లు వచ్చే చోట కట్టాలి.

ఇంకో మాట. అట్ట నాటిన నెలకు కాదు, నారుమడిలోనే మొదలుకావాలి. నారు మీద 40 మెష్ నైలాన్ వల కప్పి, లోపల ఒక్క పసుపు అట్ట పెట్టండి. వల లోపలి అట్టకు దోమ అంటుకుందంటే వలకు ఎక్కడో సందు ఉంది. దాన్ని అప్పుడే మూసేయవచ్చు.

లెక్క రాసే పద్ధతి

సోమవారం, గురువారం, లేదా మీకు వీలైన ఏ రెండు రోజులైనా. రోజులు మాత్రం మారకూడదు. పొద్దున్నే పోవాలి. అట్ట మొత్తం లెక్కపెట్టక్కర్లేదు. అట్ట మధ్యలో పై నుంచి కింది దాకా ఒక అంగుళం వెడల్పు పట్టీ గీసుకోండి. ఆ పట్టీలో ఉన్నవే లెక్కపెట్టండి, రెండు వైపులా. అట్ట మీద ఎక్కువ తక్కువలు తెలుసుకోవడానికి ఆ పట్టీ సరిపోతుంది, ఒక్కో అట్టకు రెండు మూడు నిమిషాలు పడుతుంది.

లెక్కపెట్టిన వాటిని సూదితో గానీ, పుల్లతో గానీ తీసేయండి, లేదా పెన్‌తో చుక్క పెట్టండి. లేకపోతే గురువారం లెక్కలో సోమవారం పురుగులు కూడా కలిసిపోతాయి.

నోట్‌బుక్‌లో ఐదు గడులు చాలు: తేదీ, అట్ట నంబరు, ఏ పురుగు ఎన్ని, ఆకు అడుగున ఏం కనిపించింది, ఏం చేశాం. నాలుగో గడిని వదలొద్దు. ప్రతిసారీ చేనులో అడ్డంగా నడుస్తూ పది మొక్కలు చూడండి. ఒక్కో మొక్కకు పైన ఒక ఆకు, నడుమ ఒకటి, కింద ఒకటి తిప్పి చూడండి. అట్ట ఎగిరే పురుగును చెప్తుంది, ఆకు అడుగు పుట్టబోయే పురుగును చెప్తుంది. రెండూ కలిస్తేనే లెక్క పూర్తయినట్టు.

ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే ఈ పని వాళ్లకు చెప్పి చూడండి. మా షాపుకు వచ్చే ఒక రైతు ఇంట్లో ఎనిమిదో తరగతి బిడ్డే లెక్క రాస్తుంది. తండ్రి కంటే ఆమె కంటికే తామర పురుగు ముందు దొరుకుతుంది.

మన దగ్గర దుమ్ము చెప్పే అబద్ధం

ఇది మన ప్రాంతం రైతులు తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి. పుస్తకాల్లో రెండు, మూడు వారాలకోసారి అట్ట మార్చమని ఉంటుంది. పచ్చటి కోనసీమలో అది సరిపోవచ్చు. గోదావరిఖని, రామగుండం, మంథని రోడ్డు పక్క చేలల్లో ఎండాకాలం వారం తిరగకముందే అట్ట మీద దుమ్ము పొర పడుతుంది. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడికి నూనె పూసిన అట్ట కారిపోతుంది, కారిన చోట దుమ్ము ఇంకా బాగా పడుతుంది.

దుమ్ము పట్టిన అట్టకు రెండు నష్టాలు. పసుపు మసకబారి పురుగును లాగే శక్తి తగ్గుతుంది. జిగురు చచ్చి, వాలిన పురుగు కూడా లేచిపోతుంది. అప్పుడు మీ నోట్‌బుక్‌లో ఏం కనిపిస్తుంది? పోయిన సోమవారం ముప్పై, ఈ సోమవారం ఎనిమిది. "కషాయం పనిచేసింది, దోమ తగ్గింది" అని సంతోషపడతాం. తగ్గింది దోమ కాదు, జిగురు. అట్ట లేకపోతే కనీసం మనకు తెలియదనే సంగతి మనకు తెలుస్తుంది. మసిబారిన అట్ట అంతా బాగుందని చెప్పి నిద్రపుచ్చుతుంది. సర్దార్ చేతిలో దీపం సరిగా పనిచేయకపోతే ఎంత ప్రమాదమో ఇదీ అట్లాంటిదే.

అందుకే నా పద్ధతి ఇది. లెక్క మొదలుపెట్టే ముందు అట్ట మూలన వేలు ఆనించి చూస్తాను. వేలికి అంటుకుని సాగితేనే ఆ లెక్క రాస్తాను. అంటుకోకపోతే ఆ గడిలో "దుమ్ము" అని రాసి, అట్ట మార్చి, తర్వాతి లెక్క నుంచి పోలుస్తాను. దుమ్ము పట్టిన అట్టను కొత్త అట్టతో పోల్చకూడదు. రోడ్డు వైపు అట్టను ఎండాకాలంలో ప్రతి వారం మారుస్తాను, లోపలి అట్ట రెండు వారాలు ఆగుతుంది. రోడ్డు వైపు గట్టు మీద మక్క గానీ జొన్న గానీ రెండు మూడు సాళ్లు ఒత్తుగా వేస్తే దుమ్ముకు అడ్డం, ఎగిరొచ్చే దోమకు కూడా అడ్డం. అది కూరగాయ నాటడానికి ముందే వేయాలి, లేకపోతే అది ఎదిగేసరికి పని అయిపోతుంది.

దుమ్ము ఆకుల మీద కూడా పడుతుంది. దుమ్ము పట్టిన పొడి వాతావరణంలో ఎర్రనల్లి పెరుగుతుంది. పైన చెప్పినట్టు నల్లిని అట్ట చూపించలేదు. కాబట్టి రోడ్డు వైపు సాళ్లలో ఆకు అడుగు చూడడం మరీ ముఖ్యం. నీళ్ల సౌకర్యం ఉంటే వారానికోసారి ఆ సాళ్లను మామూలు నీళ్లతో తడిపినా మేలే.

లెక్క చూసి ఏం చేయాలి?

అట్టకు ఇన్ని పురుగులు దాటితే కొట్టాలి అని అన్ని చేలకూ సరిపోయే ఒక్క అంకె నేను చెప్పను. పంటను బట్టి, వయసును బట్టి, కాలాన్ని బట్టి అది మారుతుంది. నేను చూసేది అంకెను కాదు, అంకె నడకను. నా చేనులో పాటించేది ఇది.

ఒక్క వైపు అట్టలో మాత్రమే పెరిగితే చేనంతా కొట్టను. ఆ వైపు గట్టు మీద తుత్తురుబెండ, వయ్యారిభామ లాంటి కలుపు ఉందేమో చూసి పీకేస్తాను. ఆ వైపు పది సాళ్లకు నీమాస్త్రం కొడతాను. అక్కడ అదనంగా నాలుగైదు అట్టలు కడతాను.

వరుసగా రెండు లెక్కల్లో అన్ని అట్టల్లోనూ పెరుగుతూ, ఆకు అడుగున పిల్ల పురుగులు కూడా కనిపిస్తే చేనంతా కొట్టాలి. నీమాస్త్రం గానీ, వంద లీటర్ల నీళ్లకు ఐదు కిలోల వేపగింజల పొడితో చేసిన ఐదు శాతం కషాయం గానీ. సాయంత్రమే కొట్టాలి, వేపలోని గుణం ఎండకు తొందరగా విరిగిపోతుంది. ఆకు పైన కాదు, అడుగున తడవాలి. ఐదారు రోజులకు రెండోసారి కొట్టాలి, ఎందుకంటే మొదటిసారి గుడ్లలో ఉన్నవి అప్పటికి బయటికి వస్తాయి.

పేనుబంక పెరిగింది కానీ ఆకుల మీద అక్షింతల పురుగులు, వాటి పిల్లలు బాగా తిరుగుతున్నాయంటే మూడు రోజులు ఆగి మళ్లీ చూస్తాను. చాలాసార్లు కొట్టే పనే ఉండదు. ఒకసారి కొట్టకుండా ఆగామంటే ఇద్దరు మనుషుల కైకిలి మిగిలినట్టే.

లెక్క తక్కువే ఉన్నా టమాట, బెండల్లో మొదటి నెలన్నర మాత్రం ఉదాసీనంగా ఉండను. ఆ వయసులో వైరస్ సోకితేనే నష్టం ఎక్కువ. అక్కడక్కడ కనిపించిన వైరస్ మొక్కను వెంటనే పీకి, గట్టు మీద పడేయకుండా సంచిలో వేసి బయటికి తీసుకుపోతాను.

మన మిత్రులు కూడా అంటుకుంటారు

జిగురుకు శత్రువు, మిత్రుడు అనే తేడా లేదు. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, పేనుబంకలో గుడ్డు పెట్టే సన్న కందిరీగలు కూడా పసుపుకు వస్తాయి. తేనెటీగలు నీలానికీ, పసుపుకూ వస్తాయి. పురుగుమందు మానేసి మనం పెంచుకున్న మిత్ర పురుగుల్ని మన చేతులతో జిగురుకు అప్పగిస్తే ప్రకృతి వ్యవసాయం అర్థమే పోతుంది. ఎకరానికి యాభై అట్టలు వద్దు అనడానికి ఇది అసలు కారణం, డబ్బు తర్వాత.

నోట్‌బుక్‌లో మిత్ర పురుగులను కూడా రాయండి. శత్రువు తగ్గి మిత్రులే ఎక్కువ అంటుకుంటున్నారంటే ఆ అట్టను కొన్నాళ్లు తీసేయాలి. ట్రైకోగ్రామా కార్డులు కట్టే రోజుల్లో అట్టలు తీసేయండి. బీర, కాకర, సొర, దోస పూతలో ఉన్నప్పుడు తేనెటీగ లేకపోతే కాయే నిలబడదు. ఆ పందిళ్ల దగ్గర నీలం అట్టలు పెట్టొద్దు, పసుపువి కూడా తక్కువగా ఉంచండి.

నీలం అట్ట విలువ 2021లో తెలిసింది

మిరప రైతులకు ఆ సంవత్సరం గుర్తుండే ఉంటుంది. 2021లో వరంగల్, మహబూబాబాద్, భూపాలపల్లి, ఖమ్మం, అటు గుంటూరు దాకా మిరప పూతలో కొత్త తామర పురుగు విరుచుకుపడింది. నల్ల తామర అని పేరు పడింది. శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. అంతకుముందు మనకు తెలిసిన తామర పురుగు ఆకును పైకి ముడిచేది. ఇది నేరుగా పువ్వులో చేరి పూతను రాల్చింది. రైతులు మందు మీద మందు కొట్టారు. పువ్వు లోపల దాక్కున్న పురుగుకు అది సరిగా తగల్లేదు, మందులకు దాని శత్రువులే ముందు చచ్చిపోయాయి. చాలామంది తోటలు దున్నేశారు.

అప్పుడు శాస్త్రవేత్తలు చెప్పిన వాటిలో నీలం అట్టలు ఒకటి. మిరప పెట్టేవాళ్లు పూత మొదలుకాకముందే ఎకరానికి కనీసం ఐదు నీలం అట్టలు కట్టి లెక్క మొదలుపెట్టండి. అట్టతో పాటు వారానికి రెండుసార్లు పది పూలు తెంపి తెల్ల కాగితం మీద దులపండి. నల్లటి సన్న గీతలు కదిలితే అది వచ్చేసినట్టే. పువ్వులు నిండాక మేల్కొంటే ఏ కషాయం ఆపలేదు.

ఇంట్లోనే అట్ట

రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ పాఠాల్లో కూడా ఈ చిట్కా ఉంది: పసుపు రంగు పామాయిల్ డబ్బాకు బయట ఆముదం, గ్రీసు, వాజెలిన్‌లలో ఏదో ఒకటి పూసి బొంగుకు బోర్లించడం. రేకు ముక్కకు మెరిసే పసుపు పెయింట్ వేసినా సరే. నిమ్మపండు పసుపు మంచిది, నారింజ వైపు పోయే ముదురు పసుపు వద్దు. మనం ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం కాబట్టి ఆముదమే వాడదాం. చలికాలంలో ఐదారు రోజులు, ఎండాకాలంలో రెండు మూడు రోజులకోసారి తుడిచి మళ్లీ పూయాలి.

కొన్న ప్లాస్టిక్ అట్టలైతే పంట అయిపోయాక లెక్కపెట్టి తీసుకురండి. ఐదు కట్టారా, ఐదూ ఇంటికి రావాలి. చేనులో వదిలేస్తే దున్నినప్పుడు ముక్కలై మట్టిలో కలుస్తాయి. జీవామృతం పోసి బాగుచేసుకుంటున్న మట్టి అది.

ఈ పని మన బొగ్గు ప్రాంతానికి కొత్త కాదు

సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెం పక్కనే, పాల్వంచ మండలంలో పునుకుల అనే ఊరుంది. పత్తికి పురుగుమందులు కొట్టి కొట్టి అప్పుల పాలైన ఊరు. అక్కడి రైతులు వేప కషాయాలు, జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో పురుగును అదుపు చేయడం నేర్చుకుని, 2004 నాటికి మా ఊళ్లో పురుగుమందు వాడం అని ప్రకటించుకున్నారు. తర్వాత ఆ పద్ధతి ఊరూరికీ పాకింది. పునుకుల రైతుల దగ్గర మనకు లేని మందు ఏదీ లేదు. రోజూ చేను చూసే అలవాటు ఉంది, చూసింది పదిమందికి చెప్పుకునే అలవాటు ఉంది.

నేను కూరగాయలు అమ్మే యైటింక్లయిన్ కాలనీలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అడుగుతారు: "తమ్మీ, నిజంగ మందు కొట్టలేదా?" నోటిమాటతో నమ్మకం ఎంతకాలం నిలబడుతుంది? అందుకే నోట్‌బుక్ వెంట తీసుకుపోతాను. ఏ తేదీన దోమ ఎంత ఉంది, ఏం కొట్టాం, ఎన్నిసార్లు కొట్టకుండా ఆగాం, అంతా అందులో ఉంటుంది. పొద్దంతా భూమి లోపల పనిచేసి వచ్చిన మనిషి ఆ పేజీలు తిప్పి చూసి సంచి ముందుకు చాపుతాడు. పని జాగలో గ్యాసు చూసి రాసే లెక్క వాళ్లకు తెలుసు కాబట్టి ఈ లెక్క కూడా వాళ్లకు తొందరగా అర్థమవుతుంది.

యాసంగి కూరగాయలు పెట్టేవాళ్లు ఈ వారమే ఐదు బొంగులు నరికి పెట్టుకోండి. ఐదు పసుపు అట్టలు, మిరప ఉంటే ఐదు నీలం, ఒక చిన్న భూతద్దం, ఒక నోట్‌బుక్. నాటిన రోజే కట్టండి, మూడు వారాలు లెక్క రాయండి. ఆ మూడు పేజీల ఫొటో, పంట పేరు, ఊరు పేరుతో పంపండి. రామగుండం వైపు చేలల్లో దోమ ఏ వారం దిగుతుందో, మంథని వైపు ఏ వారం దిగుతుందో అందరి లెక్కలు కలిపి వచ్చే వీడియోలో చూపిస్తాను. పది చేల లెక్క ఒక్కచోట ఉంటే పదకొండో రైతుకు వారం ముందే కబురు అందుతుంది.